కింది పొర ఆరిందా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారివే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ నుంచి రాశారు. అందరూ అడిగింది మిక్స్‌డ్ మీడియా గురించి. అంటే కాగితం, బట్ట, మట్టి, అచ్చు, రంగు ఒకే పటం మీద పొరలుగా కలిపే పని. పేర్లు వద్దన్నవారు ఉన్నారు కాబట్టి అందరివీ ఊళ్లే ఇస్తున్నాం.

ప్రశ్న (బరంపురం): రెండడుగుల కాన్వాసు మీద ఫెవికాల్‌తో న్యూస్ పేపరు అంటించి, పైన సుద్ద, ఫెవికాల్ కలిపి మందంగా మెత్తాను. అది తడిగా ఉండగానే గోపాల్‌పూర్ నుంచి తెచ్చిన ఇసుక చల్లి, ఆరాక అక్రిలిక్ రంగు వేశాను. వేసవి అంతా బాగుంది. వానలు పట్టేసరికి కాగితం బుడగలు లేచింది, మెత్తిన చోట పగిలింది, ఇసుక మీద తెల్లగా బూజులాంటిది కనిపిస్తోంది. ఏం తప్పు చేశాను?

జవాబు: మీ పటానికి మూడు జబ్బులు, మూడింటికీ కారణాలు వేరు. తెల్లటిదాని సంగతి ముందు చూద్దాం. దాని మీద ఒక నీటిచుక్క వేయండి. కరిగి మాయమైతే అది ఉప్పు. పులుముకుని, ముక్క వాసన వస్తే బూజు. సముద్రపు ఇసుక కాబట్టి ఉప్పే అయివుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని కరుగుతుంది, ఎండ కాసిన రోజున మళ్లీ పైకి తేలి గడ్డకడుతుంది. పైన ఎన్ని పూతలు వేసినా తోసుకుని వస్తుంది. ఆ ఇసుకను మంచినీళ్లలో నాలుగైదుసార్లు కడిగి ఎండబెట్టి వాడాల్సింది. తాపీమేస్త్రీ జల్లెడ పట్టిన ఏటి ఇసుక అయితే ఈ తంటా లేదు. ఇంకో మాట కూడా. ఛత్రపురం వైపు తీరంలో మిలమిలలాడే నల్ల ఇసుక చూసి ముచ్చటపడి సంచిలో వేసుకోకండి. అందులో ఇల్మనైటు, గార్నెట్‌తోపాటు థోరియం ఉన్న మోనజైటు కూడా ఉంటుంది. ఇంట్లో పెట్టుకుని సాండ్‌పేపరుతో రుద్దే వస్తువు కాదది. పైగా మామూలు ఇసుక కంటే చాలా బరువు, జిగురులో నిలవక కిందికి జారిపోతుంది.

ఇక పగుళ్లు. కాన్వాసు కదులుతూ ఉంటుంది. వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా బిగుస్తుంది, వదులవుతుంది. సుద్ద మెత్తు కదలదు. కదిలేదాని మీద కదలనిది మందంగా పెడితే పగలక ఏమవుతుంది? రెండు మిల్లీమీటర్లకు మించిన మెత్తు, ఇసుక, చెక్కముక్క, పెంకుముక్క పెట్టాలనుకుంటే కాన్వాసు వదిలి ప్లైవుడ్ మీదికి రండి. ఒకటిన్నర అడుగుల వరకు 6 మి.మీ. ప్లైవుడ్, వెనక అంచుల వెంట రీపర్లు (సన్నని చెక్కపట్టీలు) కొడితే చాలు. అంతకంటే పెద్దదైతే 12 మి.మీ. వెనకవైపుకూ అంచులకూ కూడా రెండు పూతల ప్రైమర్ తప్పనిసరి. ముందువైపు మాత్రమే పూస్తే తేమ వెనకనుంచి ఎక్కుతుంది, పలక అప్పడంలా వంగుతుంది.

ఇంట్లో నేల పూత, అంటే బొమ్మకు ముందు వేసే అడుగుపూత, కలుపుకునే లెక్క: ఫెవికాల్ ఒక గిన్నె, నీళ్లు ఒక గిన్నె, మెత్తటి సుద్దపొడి రెండు గిన్నెలు. ముందు జిగురును నీళ్లలో కలిపి, సుద్దను చల్లుతూ కలపాలి. పాత పంచెగుడ్డలో వడకట్టకపోతే ఉండలు మిగిలిపోతాయి. ఒకేసారి మందంగా కాదు, పలచగా నాలుగు పూతలు. ఒకటి అడ్డంగా, తర్వాతది నిలువుగా. ప్రతిదీ పూర్తిగా ఆరాక 220 నంబరు సాండ్‌పేపరుతో తేలిగ్గా రుద్దాలి. సుద్ద వంతు పెంచితే పూత గట్టిపడి పగులుతుంది. జిగురు వంతు పెంచితే ప్లాస్టిక్‌లా నునుపై పైపొరకు పట్టు ఇవ్వదు. సుద్ద దొరకలేదని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలపకండి. అది గిన్నెలోనే గడ్డకట్టడం మొదలుపెడుతుంది.

బుడగల సంగతి: తడిసిన కాగితం సాగుతుంది, ఆరుతూ ముడుచుకుంటుంది. పొడి కాగితాన్ని తడి జిగురు మీద వేస్తే అంటుకున్నాక సాగుతుంది, ఎటూ పోలేక లేస్తుంది. అందుకని కాగితానికి వెనకవైపు ముందే పలుచని జిగురు పూసి, రెండు మూడు నిమిషాలు అలా వదిలేసి, అది సాగడం అయ్యాక పలక మీద వేయాలి. పలకకూ ఒక పూత జిగురు ఉండాలి. మధ్యనుంచి అంచులకు రబ్బరు రోలరుతోగానీ, పాత ఏటీఎం కార్డుతోగానీ తోయాలి. అంచుల్లో కారిన జిగురు అప్పుడే తుడిచేయాలి. న్యూస్ పేపరైతే ఏడాదిలోగా పసుపురంగుకు తిరుగుతుంది. ఆ పసుపే కావాలంటే సరే, లేదంటే దాన్ని మంచి తెల్ల కాగితం మీద జిరాక్సు తీయించి అంటించండి.

ఉన్న పటాన్ని కొంత కాపాడవచ్చు. బుడగను బ్లేడుతో సన్నగా కోసి, మందుల షాపు సిరంజితో సగం నీళ్లు కలిపిన జిగురు ఎక్కించి, పైన పాలిథిన్ వేసి బరువు పెట్టండి. పగుళ్లలోకి పలచటి అక్రిలిక్ మీడియం (రంగు కలపని అక్రిలిక్ బంక) పోసి, కాన్వాసు మొత్తాన్ని చట్రం నుంచి విప్పి ప్లైవుడ్‌కు అంటించేయండి. పగుళ్లు కనిపిస్తాయి, కానీ పెరగవు. ఉప్పు పట్టిన చోటు మాత్రం గీకేయడం తప్ప దారి లేదు.

ప్రశ్న (సెమిలిగుడ): డిసెంబరులో రాత్రిపూట వేసిన అక్రిలిక్ పూతలు తెల్లారేసరికి పాలలా మసకగా, కొన్నిచోట్ల పొడిపొడిగా ఉంటున్నాయి. రంగు నకిలీదా?

జవాబు: రంగును అనుమానించకండి. అక్రిలిక్‌లో ప్లాస్టిక్ కణాలు నీళ్లలో తేలుతూ ఉంటాయి. నీళ్లు పోయాక అవి ఒకదానికొకటి కరిగి అతుక్కుంటేనే పొర అవుతుంది. సుమారు 10 డిగ్రీల లోపు చలిలో అవి అతుక్కోవు. మీ కొండమీది చలికి అది మామూలే. మధ్యాహ్నం వేయండి, రాత్రికి పటాన్ని వంటింటి పక్క గదిలో పెట్టండి. పొడి రాలుతున్న పూతను తుడిచేసి మళ్లీ వేయాల్సిందే, పైన ఇంకో పూత వేసి కప్పితే రేపు రెండూ కలిసి ఊడతాయి.

ప్రశ్న (పర్లాకిమిడి): ఇంట్లో మా తాతగారి నాటి తెలుగు కాగితాలున్నాయి. భూమి పత్రాలు, ఉత్తరాలు, చిట్టా పుస్తకం. కొన్నిటి మీద మద్రాసు ప్రభుత్వం ముద్రలు కూడా. వాటిని పటంలో వాడదామని ఒక ఉత్తరం అంటిస్తే సిరా అంతా కారిపోయింది. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, మిగతావి అంటించకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఆనాటి ఇంటి కాగితాలు పోతే మళ్లీ దొరకవు. వాటిని జిగురులో ముంచితే వెనక్కి రావు. పటానికి కావలసింది ఆ అక్షరాల ఆకారం. అది నకలుతో వస్తుంది, ఇంకా బాగా వస్తుంది.

మంచి వెలుతురులో ఫోన్‌తో తీసి, లేదా స్కాన్ చేయించి, లేజర్ ప్రింటు లేక జిరాక్సు తీయించండి. ఇంక్‌జెట్ ప్రింటు పనికిరాదు, దాని రంగు చాలావరకు నీటికి కరుగుతుంది. జిరాక్సులో అచ్చుపడేది టోనర్ పొడి, అంటే కరిగించి అద్దిన ప్లాస్టిక్. నీళ్లు దాన్ని ఏమీ చేయవు. షాపులో అతనితో ‘మిర్రర్ ప్రింట్’ అని గట్టిగా చెప్పండి, ఎందుకంటే ప్రింటును పలక మీద బోర్లా పెట్టి అక్షరాలను దింపుతాం. తిరగేసినా మారకుండా నిలిచేవి మన లిపిలో సున్న, విసర్గ లాంటివే, మిగతా అక్షరాలు వెక్కిరిస్తాయి.

ప్రైమర్ వేసి ఆరిన పలక మీద అక్రిలిక్ జెల్ మీడియం సమంగా పూయాలి, పలక కనిపించీ కనిపించని మందంలో. తడిగా ఉండగానే ప్రింటును బోర్లా పెట్టి, మధ్యనుంచి అంచులకు కార్డుతో నొక్కాలి. వెనకవైపు జెల్ అంటకూడదు, అంటిన చోట కాగితం ఇక ఊడదు. 24 గంటలు ఆరనివ్వాలి. వానాకాలంలో రెండు రోజులు. తర్వాత స్పాంజితో తడిపి, రెండు నిమిషాలు ఆగి, వేలి మెత్తతో గుండ్రంగా రుద్దితే కాగితం పేలికలై వచ్చేస్తుంది. గోరు తగలనివ్వకండి. ఆరాక మళ్లీ తెల్లటి పొగలా కనిపిస్తుంది. అది మిగిలిన నూగు. మళ్లీ తడిపి రుద్దాలి, మూడోసారి కూడా. ఒకేసారి తేల్చేద్దామని బలంగా రుద్దితే అక్షరాలే లేచిపోతాయి. చివర మిగిలిన కొద్దిపాటి పొగ పైన పలుచని మీడియం పూత వేయగానే కనిపించకుండా పోతుంది.

జెల్ ఖరీదని ఫెవికాల్‌తో చేసేవాళ్లున్నారు. అవుతుంది, కానీ ఫెవికాల్ పొర మళ్లీ తడిస్తే మెత్తబడుతుంది, రుద్దేటప్పుడు పొరతో సహా చేతికొస్తుంది. దాంతోనే చేయాలనుకుంటే మూడు రోజులు ఆరనిచ్చి, తక్కువ నీళ్లతో రుద్దండి.

తప్పనిసరిగా అసలు కాగితమే కావాలంటే, ఒక మూల తడి దూదిపుల్లతో అద్ది చూడండి. దూదికి నీలం అంటిందా, దాన్ని తడి జిగురు దగ్గరికి తీసుకెళ్లకండి. దాన్ని ఫ్రేములో పొడిగానే, కాగితపు మూలలతో నిలబెట్టండి.

ప్రశ్న (రాయగడ): ఎర్రమట్టి నేల, దాని మీద బియ్యప్పిండి తెలుపుతో సవర గిరిజనుల ఇడితాల్ గోడచిత్రాల పద్ధతిలో బొమ్మలు వేసి, పైన అక్రిలిక్‌తో పని చేయాలని ఉంది. కుంచె పెట్టగానే మట్టి లేచి రంగులో కలిసిపోతోంది.

జవాబు: గోడ మీద మట్టి నిలబడేది గోడ కూడా మట్టే కాబట్టి. ప్లైవుడ్ మీద దానికి బంక కావాలి. మట్టిని ముందు తేర్చుకోవాలి: బక్కెట్లో కలిపి, ఒక నిమిషం ఆగి, పైనీళ్లను గుడ్డలోంచి వేరే గిన్నెలోకి వంచండి. అడుగున మిగిలే గరుకు పారేయండి. వంచినది రాత్రంతా కదపకుండా ఉంచితే మెత్తటి మట్టి అడుక్కి దిగుతుంది. పైనీళ్లు తీసి, ఎండబెట్టి, నూరుకోవాలి. ఈ పొడికి సమానంగా అక్రిలిక్ మీడియం, పలచబరచడానికి కొద్దిగా నీళ్లు. ఆరాక తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు ఎర్రగా అంటితే మీడియం చాలలేదు.

తుమ్మబంక, వెలగబంక కలిపితే మట్టికి ఆ పొడి మెరుపు, ఆ గరుకు అలాగే ఉంటాయి, నిజమే. కానీ బంక నీటికి కరుగుతుంది. దాని మీద నీటిరంగు ఏది పెట్టినా లేస్తుంది. అప్పుడు మధ్యలో ఒక కాపుపొర కావాలి: మీడియం ఒక వంతు, నీళ్లు ఒక వంతు, వెడల్పాటి మెత్తని కుంచెతో ఒకే దెబ్బలో. వెళ్లిన దారిలో మళ్లీ కుంచె తిప్పకూడదు. స్ప్రే సీసాతో కొడితే ఇంకా మేలు.

బియ్యప్పిండి పురుగును, బూజును పిలిచి మరీ కూర్చోబెడుతుంది. శంఖం పొడో, సుద్దో మీడియంలో కలపండి, తెలుపు అదే వస్తుంది. పసుపుకొమ్ము పసుపు ఎండకు కొన్ని వారాల్లోనే వెలిసిపోతుంది, బదులు పసుపు కావి వాడండి. దీపపు మసి నీళ్లలో కలవక పైన తేలుతుంది, ముందు రెండు చుక్కల స్పిరిటుతో తడిపి నూరితే కలుస్తుంది. పటచిత్రంవాళ్ల పాత ఎరుపు ఇంగిలీకం, పాత పసుపు హరిదళం. ఒకటి పాదరసం, రెండోది ఆర్సెనిక్. పొడి రూపంలో రెండింటి జోలికీ వెళ్లకండి.

ఇంకొకటి, అడగకపోయినా చెప్పాలి. ఇడితాల్ సవరల ఇంట్లో పూజకోసం, పూర్వీకులకు, దేవతలకు నివాసంగా గీసేది. ఆ ఎరుపు తెలుపుల పొందిక, ఆ చట్రం నేర్చుకోవచ్చు. ఒక ఇంటి గోడ మీది పూజాచిత్రాన్ని ఫోటో తీసి అలాగే దించేయడం వేరు. అడిగి, నేర్చుకుని, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చీటీ మీద రాయండి.

ప్రశ్న (జయపురం): నాలుగైదు పొరలు దాటగానే పటమంతా బురద రంగుకు తిరుగుతోంది.

జవాబు: రెండు కారణాలు. ఒకటి, కింది పొర ఆరకముందే పైది వేస్తున్నారు. వేలికి అంటకపోతే ఆరినట్టు కాదు. చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్లున్నాయి. పలుచని పూతకు ఒక పూట చాలు, రెండు మిల్లీమీటర్ల మెత్తుకు మూడు రోజులు, శ్రావణంలో వారం. రెండోది, ప్రతి పొరా మూసేసే రంగే. ఒకటి మూసేది వేస్తే తర్వాతది వెలుగు దూరే పూత అయివుండాలి: రంగు ఒక వంతు, మీడియం ఐదారు వంతులు. మీడియం బదులు ఉత్తనీళ్లు పోసి పలచబరిస్తే రంగుకు పట్టు చాలక రేపటి తడికి చెరిగిపోతుంది. ఎరుపు మీద ఆకుపచ్చ, నారింజ మీద నీలం వరసగా వేస్తే ఎంత ఆరినా బురదే, మధ్యలో ఒక తెల్లటి పలుచని పూత పెట్టండి.

కలపడం ఎంత ముఖ్యమో తీసేయడం అంతే ముఖ్యం. పైపూత వేసిన ఐదు నిమిషాల్లో తడిగుడ్డతో కొన్నిచోట్ల తుడవండి, ఆరాక 400 నంబరు సాండ్‌పేపరును తడిపి రుద్దండి, కింది రంగులు గీతలుగా బయటపడతాయి. కొవ్వొత్తితో గీసి, పైన రంగు వేసి, ఆరాక గీకితే గీసిన చోటు తేలుతుంది. కాకపోతే మైనం మీద తర్వాతి పొర నిలవదు కనుక ఈ విద్య చివరి పొరకే. ప్రతి పొరలోనూ మూడో వంతు ముట్టుకోకుండా వదిలేయండి. కష్టపడి చేసిన చోటును కప్పడానికి చేయి రాదు, అది సహజం. కానీ బాగా వచ్చిన మూలను కాపాడుకుంటూ మిగతా పటాన్ని దానికి సర్దబోయేవాళ్ల పటాలే ఎక్కువగా చెడుతుంటాయి.

ప్రశ్న (గుణుపురం): భువనేశ్వర్‌లో ప్రదర్శనకు దరఖాస్తుతోపాటు ‘కళానేపథ్యం, పని పద్ధతి’ అరపేజీ రాసి పంపమన్నారు. కళాశాల చదువు లేదు. అతికించే పనికి నేపథ్యం ఏముంటుందని ఇంట్లోవాళ్ల నవ్వు.

జవాబు: నవ్వేవాళ్లకు మీ పక్క ఊరే చూపించండి. పర్లాకిమిడిలో గుండ్రటి గంజప్ప పేకముక్కలు చేసేవారు. బట్ట మీద బట్ట చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, రాయితో నునుపు చేసి, బొమ్మ గీసి, లక్క పూత పెట్టేవారు. ఇవి పొరలు కాక మరేమిటి?

చింతగింజల జిగురు గురించే ఇంకో ముచ్చట. అమెరికా కళాకారుడు రాబర్ట్ రాషెన్‌బర్గ్ 1975లో అహ్మదాబాద్ వచ్చి కాగితం చేసేవాళ్లతో కలిసి పనిచేశాడు. అప్పుడు వాడిన మట్టి ముద్దలో ఉన్నవి కాగితపు గుజ్జు, మెంతిపొడి, చింతగింజల పొడి, సుద్ద, బంకపొడి, మైలుతుత్తం. పారిస్‌లో పికాసో నూనెగుడ్డ ముక్కను, తాడును చిత్రానికి అతికించింది 1912లో. మనదేశంలో వినోద్ బిహారీ ముఖర్జీ చూపు పూర్తిగా పోయాక రంగు కాగితాలు కత్తిరించి అతికించి బొమ్మలు చేశారు. అతికించే పనికి వంశవృక్షం బాగానే ఉంది.

ఇక అరపేజీ. ‘నా చిత్రాలు జ్ఞాపకాల పొరల అన్వేషణ’ లాంటి వాక్యం ఎంపిక చేసేవారు రోజుకు వంద చదువుతారు. దాని బదులు ఇలా: ‘12 మి.మీ. ప్లైవుడ్ మీద మా ఇంటి తెలుగు చిట్టా పుస్తకం అచ్చులు, వాటి మీద గుణుపురం ఎర్రమట్టి పూతలు మూడు. చివరి పూతను తడిగుడ్డతో తుడిచి కొన్ని అంకెలు బయటపెట్టాను.’ ఏ వస్తువు ఎక్కడిది, ఏది ముందు ఏది వెనక, దేన్ని దాచారు, దేన్ని గీకారు అని చెబితే పద్ధతి, నేపథ్యం రెండూ వచ్చేస్తాయి. కుట్టు, ముగ్గు, సైన్‌బోర్డు, విగ్రహాలకు రంగు, ఎవరి దగ్గర ఏ చేతిపని చూసి నేర్చుకున్నా రాయండి, డిగ్రీ లేకపోవడానికి సంజాయిషీ అక్కర్లేదు. పటం కింద చీటీలో ‘మిక్స్‌డ్ మీడియా’ అని వదిలేయకుండా వస్తువుల పేర్లు, కొలత, సంవత్సరం ఇవ్వండి. ఇకనుంచి ప్రతి పొర ఆరాక ఒక ఫోటో తీసి ఉంచుకోండి. పైన కప్పేశాక కింద ఏముందో మీకే గుర్తుండదు.

ప్రశ్న (ఛత్రపురం): అక్రిలిక్ మీద ఆయిల్ రంగు వేయవచ్చా? ఆయిల్ మీద అక్రిలిక్?

జవాబు: మొదటిది వేయవచ్చు, బాగా ఆరిన అక్రిలిక్ మీద, అది మరీ నునుపుగా లేకపోతే. రెండోది వద్దు. నూనె మీద నీళ్ల పూత పట్టదు, పట్టినట్టే ఉండి పెచ్చులుగా రాలుతుంది. ఆయిల్ పాస్టెల్‌కూ ఇదే లెక్క.

ప్రశ్న (బరంపురం): పాత పట్టుచీరల జరీ అంచులు పటంలో వాడితే నల్లబడుతున్నాయి. మైదా జిగురుతో అంటించిన చోట పురుగు కూడా తింటోంది.

జవాబు: తక్కువరకం జరీలో లోపల ఉండేది రాగి తీగె. తేమకు, చెమటచేతికి నల్లబడుతుంది, పచ్చబడుతుంది. జిగురు పూసి అంటించకండి, తడి జిగురు పట్టులోకి పీల్చుకుని మచ్చపడుతుంది కూడా. నూలుబట్టకు సన్నదారంతో కుట్టి, ఆ నూలుబట్ట అంచులను పలకకు అంటించండి. మైదాకు బదులు చింతగింజల జిగురైనా పురుగుకు తిండే. 50 గ్రాముల పొడిని చల్లనీళ్లలో కలిపి, లీటరు నీళ్లలో పోసి అరగంట సన్నసెగన ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది, ఎండాకాలంలో రెండోరోజుకే పులుస్తుంది. పుస్తకాల బైండింగువాళ్లు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, గిన్నె విడిగా ఉండాలి. పైగా రాగి ఉప్పు పాత కాగితాన్ని పెళుసు చేస్తుంది. పిల్లలున్న ఇంట్లో అక్రిలిక్ మీడియం వాడి ఊరుకోండి.

ప్రశ్న (ఛత్రపురం): పటాన్ని రైల్లో విశాఖ తీసుకెళ్తే బబుల్ ర్యాప్ గుండ్రాలన్నీ రంగు మీద అచ్చుపడ్డాయి.

జవాబు: అక్రిలిక్ ఎంత ఆరినా వేడికి మెత్తబడుతుంది, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. రంగు వైపు బేకరీల్లో కేకుల కింద వేసే సిలికాన్ పూత కాగితం పెట్టండి, మామూలు బటర్ పేపరు కాదు. నాలుగు మూలలా థర్మాకోల్ దిమ్మలు పెట్టి ముఖానికి ఏదీ తగలకుండా అట్టపెట్టెలో నిలువుగా దించండి. బబుల్ ర్యాప్ పెట్టె బయట చుట్టండి, గుండ్రాలు బయటివైపు ఉండేలా. పెట్టెను కిటికీ పక్కన ఎండలో పెట్టవద్దు. ఇప్పటికే పడిన గుండ్రాలు సన్నగా ఉంటే పలుచని మీడియం పూతతో కొంత సర్దుకుంటాయి. లోతుగా దిగినవైతే ఆ చోట 400 నంబరు తడి కాగితంతో రుద్ది పైపొర మళ్లీ వేసుకోవాలి.